మా అక్క చూడకుండా ఎంచిన మానిటర్

మా అక్క కంప్యూటర్లను కీబోర్డులు చూసి కొంది. గేదెను కొమ్ములు చూసి కొన్నట్టుందని అప్పట్లో దెప్పాను గానీ, ఆవిడ లెక్కలో తప్పేమీ లేదు. ఏళ్ళ తరబడి టైపు మిషన్లు బేరం చేసిన మనిషి. మిషనంటే కీలు, మిగతాదంతా ఆ కీలు కింద పడిపోకుండా పట్టుకునే ఇనుము. కీలు మెత్తగా దిగుతున్నాయా, దిగినవి వెంటనే లేస్తున్నాయా, అంతవరకే చూసి రెండు కంప్యూటర్లు రిక్షాలో వేయించుకుని ఇంటికి తెచ్చింది. నేను క్లాసు నుంచి వచ్చేసరికి అవి వరండాలో ఉన్నాయి, పక్కన అక్క పెళ్ళికొడుకు తల్లిలా నిలబడి ఉంది.

"మానిటర్లేవీ?" అన్నాను.

"అంటే?"

"తెర. టీవీ లాంటిది. అక్షరాలు కనపడేది."

అక్క ఒక్క క్షణం ఆలోచించి, "కనపడాలా?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియక మెట్ల మీద కూలబడ్డాను. ఆ ప్రశ్న ఎంత గొప్పదో తెలియడానికి నాకు ఇంకా కొన్నాళ్ళు పట్టింది.

అమీర్‌పేటలో మెయిన్ రోడ్డు దాటి లోపలికి వస్తే, కింద పరుపులు కుట్టే దుకాణం, పైన మా టైపు ఇన్‌స్టిట్యూట్. దుకాణమూ మేడా ఒకాయనవే. వీధంతా ఆయన్ని చాచా అనే పిలిచేది కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్ళం. మెట్ల మీద ఎప్పుడూ దూది తేలుతుండేది. టైపుకొచ్చే ఆడపిల్లలు జడల్లో దూది పింజలతో పైకి వచ్చేవారు. మధురానగర్ హాస్టళ్ళ వాళ్ళు, శ్రీనగర్ కాలనీ నుంచి నడిచొచ్చేవాళ్ళు, లోయర్ పరీక్ష తప్పి మళ్ళీ కట్టినవాళ్ళు, పెళ్ళి సంబంధం కుదిరేదాకా ఏదో ఒకటి నేర్చుకోమని ఇంట్లో తరిమినవాళ్ళు, అందరూ అక్క ముందు ఒకటే. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు మాసబ్ ట్యాంక్ ఆఫీసుల్లో ఏ గదిలోకి వెళ్ళినా ఒకరైనా కనపడేవారు.

అక్క పద్ధతి మొండిది. చాచా దుకాణం నుంచి తెచ్చిన దిండు గలేబులను రెండు వైపులా కత్తిరించి, ప్రతి మిషను మీదా కట్టేది. పిల్లలు చేతులు లోపల పెట్టి కొట్టాలి. చేతులు కనపడవు, కీలు కనపడవు. కళ్ళు పక్కనున్న కాగితం మీద. మిషన్లో ఎక్కుతున్న కాగితం వైపు చూసినా బల్ల మీద స్కేలు టప్‌మని పడేది. గంట కొట్టాకే కాగితం లాగాలి, అప్పుడు అక్క ఎర్ర పెన్సిలుతో వచ్చేది. "కొట్టేటప్పుడు చూడకూడదు, చూసేటప్పుడు కొట్టకూడదు" అన్నది ఆవిడ వేదం. ఇలా నేర్చుకున్న పిల్ల కరెంటు పోయినా ఆగదు, పక్కన పెళ్ళి జరుగుతున్నా ఆగదు.

కానీ రోజులు మారాయి. వీధి చివర ఒక కంప్యూటర్ బోర్డు లేచింది, ఆ వారానికే దాని ఎదురుగా ఇంకోటి. పిల్లలు మా మెట్లు సగం ఎక్కి, "మేడమ్, కంప్యూటర్ ఉందా?" అని కింద నుంచే అరిచి, లేదంటే అక్కడినుంచే తిరిగిపోయేవారు. పిలిచి కూర్చోబెట్టి టైపు ఎంత అవసరమో చెప్పడం అక్కకు చేతకాదు. ఆవిడ ఎప్పుడూ ఎవరినీ పిలవలేదు, అందరూ వాళ్ళంతట వాళ్ళే వచ్చారు.

ఒక మధ్యాహ్నం చాచా పైకొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, టోపీ సర్దుకుని, చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు.

"టీచరమ్మా, కంప్యూటర్ కోచింగోళ్ళు వచ్చిన్రు. పైనంత అడుగుతున్రు. నాకైతె మీరే ఉండాలె. గని పోరగాళ్ళు సుత వస్తలేరు గద. దసరా లోపట జవాబ్ చెప్పుండ్రి. జల్దీ లేదు, ఫికర్ చేయకుండ్రి."

చాచా వెళ్ళిపోయాక కంప్యూటర్లు పెడదామని నేను ఎగిరి గంతేశాను. అప్పటికే ఆరు నెలల కోర్సు చేసి ఉన్నాను, నాకు తెలిసినంత వీధిలో ఎవరికీ తెలియదని నా నమ్మకం. అక్క రిబ్బను మార్చుతూ, నల్లటి వేళ్ళతో తలెత్తకుండా అంది:

"పెడదాం. అప్పుడు నువ్వు టీచరువి. నేను హాజరు వేసుకునేదాన్ని."

"ఏంటక్కా ఆ మాటలు" అని నవ్వేశాను గానీ ఆవిడ నవ్వలేదు. ఇన్‌స్టిట్యూట్ పోతుందన్న భయం కన్నా, అది నిలబడి అందులో తాను అక్కరలేని మనిషి అవుతుందన్న భయం ఆవిడకు ఎక్కువని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి ఏం చెయ్యాలో తెలియక రిబ్బను డబ్బా మూత పెట్టాను.

అక్కడికి వారం తిరక్కుండా ఆవిడ కంప్యూటర్లు కొనేసింది. అక్క దగ్గర నేర్చుకుని స్టెనో అయినావిడ ఒకరు మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తుంది, ఆయన పాతవి తీసేస్తున్నాడని కబురు పెట్టింది. అక్కడొకటి. శ్రీనగర్ కాలనీలో ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆయన దగ్గర ఇంకోటి. ఇద్దరూ మానిటర్లు మాత్రం కొత్త కంప్యూటర్లకు పనికొస్తాయని తమ దగ్గరే ఉంచుకున్నారు. అక్క అడగనూ లేదు, వాళ్ళు చెప్పనూ లేదు. ఆ వేడిలోనే పెయింటర్‌ను పిలిచి కింద బోర్డు మీద 'కంప్యూటర్' అని కూడా రాయించేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఇక మానిటర్ కొనే పని నాది అనుకున్నాను. ఒక్కటే కొనగలం, రెండోదానికి శక్తి లేదు. పైగా ఈ రెండు పెట్టెలూ రెండు కులాలు. ప్లాన్లు గీసే ఆయనది రంగుల బొమ్మల కోసం తయారైంది, ఆడిటర్‌ది ఉత్త అక్షరాల కోసం. ఒకదానికి పనికొచ్చే మానిటర్ రెండోదానికి పనికిరాదు. రెండింటికీ ఒదిగేది ఎక్కడైనా ఉంటుందా అంటే పంజాగుట్టలో ఒక దుకాణం ఉందని మా కోర్సులో ఎవరో చెప్పారు.

"నేను వెళ్ళి తెస్తాను" అన్నాను.

"కొనే వస్తువు ముందు కూర్చుని కొట్టి చూడకుండా నేను కొనను" అంది అక్క.

చివరకు రెండు కంప్యూటర్లనూ దుప్పట్లలో చుట్టి ఆటోలో ఎక్కించాం. ఒకటి అక్క ఒళ్ళో, ఒకటి నా ఒళ్ళో, కీబోర్డులు కాళ్ళ దగ్గర. ఆటో అతను వెనక్కి తిరిగి చూసి, "జర గట్టిగ పట్టుకోన్రి అమ్మా, పంజాగుట్ట దాంక గుంతలే" అన్నాడు. అన్నట్టుగానే ప్రతి గుంతకూ అక్క పెట్టె వీపు తడుతూ వచ్చింది.

దుకాణం చిన్నది. కౌంటరు వెనక నడివయసు మనిషి, మా రెండు మూటలను చూసి దుప్పట్లు అమ్మడానికి వచ్చామనుకున్నాడు. సంగతి చెప్పాక హుషారైపోయాడు. మూడు మానిటర్లు దించాడు.

మొదటిది రంగులది. దానికి ప్లాన్లు గీసే ఆయన కంప్యూటర్ తగిలించి ఏదో నొక్కాడు. నీలం నీళ్ళలో ఎర్ర చేపలు ఈదాయి. నేను మనసు పారేసుకున్నాను. మా వీధిలో ఎవరి దగ్గరా రంగుల తెర లేదు. ఈ చేపల్ని కిటికీ వైపు పెడితే కోచింగ్ వాళ్ళ పిల్లలు కూడా మా మెట్లెక్కుతారు.

"ఇది రెండోదానికి?" అంది అక్క.

"రెండోదానికి నడవది మేడం. దానికి పెడితె కాలిపోయినా కాలిపోతది."

"అయితే ఒక పెట్టె మీద పూలకుండీ పెట్టుకోవాలి" అంది అక్క. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని కూడా అంది, నన్ను చూసి.

రెండోది తెల్ల అక్షరాలది, ముత్యాల్లా స్పష్టంగా ఉన్నాయి. అది ఆడిటర్ పెట్టెకు తప్ప దేనికీ పనికిరాదు. మూడోది ఒక బూడిదరంగు డబ్బా, కింద గుండ్రని పీట. పీట మీద అటూ ఇటూ తిరుగుతుంది.

"రంగు ఉండదు, అంత పచ్చ పచ్చగ కనవడ్తది. గని గిది రెండింటికి సుత నడుస్తది" అన్నాడాయన. కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు, అందుకే అది చాలాకాలంగా అమ్ముడుపోలేదని అర్థమైంది.

"మూడింటి మీదా కొడతాను" అంది అక్క.

చేతిసంచీలోంచి హయ్యర్ పరీక్ష కాగితం తీసి కుడి పక్కన పెట్టుకుంది. కౌంటరు ఇరుకు కాబట్టి దుకాణం ఆయన మానిటర్‌ను ఎడమ పక్కన పెట్టాడు. నేను ప్రోగ్రాం ఎక్కించి ఇచ్చాను. అక్క వీపు నిటారు చేసి, మణికట్లు ఎత్తి, మొదలుపెట్టింది. పక్క దుకాణాల వాళ్ళు తొంగి చూశారు. అంత వేగంగా కొట్టే ఆడమనిషిని ఆ బజారు చూసి ఉండదు.

లైను చివర వచ్చింది. టైపు మిషనులో లైను అయిపోగానే ఎడమచేత్తో లీవరు పట్టి, కాగితం పట్టుకునే క్యారేజీని ఒక్క తోపు తోస్తాం. అక్క చెయ్యి ఇన్నేళ్ళూ చేసిన పని చేసింది. ఠాప్‌మని రంగుల మానిటర్ చెంప మీద ఒకటి పడింది. అది కౌంటరు అంచు దాకా జారింది. నా చేపల తెర పోయిందనుకుని దాన్ని వాటేసుకున్నాను. దుకాణం ఆయన "అమ్మో!" అన్నాడు. అక్కకేమీ తెలియదు, తరవాతి లైనులో ఉంది.

తెల్లదానికీ అదే శాస్తి. ఈసారి ఆయన ముందే రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు, పాపం, ఆ దెబ్బ ఆయన వేళ్ళకు తగిలింది.

ఆఖరుకు బూడిదరంగుది. లైను చివర అక్క చెయ్యి లేచింది, కొట్టింది. ఆ మానిటర్ పడలేదు, జారలేదు. తన పీట మీద తాను మెల్లగా తిరిగి దుకాణం ఆయన వైపు మొహం పెట్టింది. ఆయన దాన్ని మళ్ళీ అక్క వైపు తిప్పాడు. ఇంకో లైను, ఇంకో దెబ్బ, మళ్ళీ తిరిగింది. ప్రతి లైనుకూ అదే తంతు. గుమిగూడినవాళ్ళు నవ్వడం మొదలెట్టారు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కాగితం అయిపోయాక అక్క చేతులు దించింది.

"ఎట్లుంది మేడం? అక్షరాలు మంచిగ కనవడుతున్నయా?"

"నేనింకా చూడలేదు బాబూ" అంది అక్క.

బజారంతా గొల్లుమంది. దుకాణం ఆయన కౌంటరు పట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"మానిటర్ కొనడానికి వచ్చి, మానిటర్ చూడకుండా, మూడింటినీ కొట్టి..." అని మొదలుపెట్టాను.

"ఇదే కావాలి" అంది అక్క, నా మాట లెక్కచేయకుండా. "దీనికి ఓర్పుంది. కొడితే తిరుగుతుంది గానీ పడదు. నా దగ్గరకొచ్చే పిల్లలంతా మిషన్ల మీద నేర్చినవాళ్ళే, అందరూ కొడతారు."

దుకాణం ఆయన కళ్ళు తుడుచుకుని బిల్లు పుస్తకం తీస్తూ ఆగాడు. "గని మేడం, రెండు కంప్యూటర్లకు గిదొక్కటేనా? ప్రింటర్లకు పెట్టే స్విచ్చు డబ్బా ఒకటుంది. అటు తిప్పితె అది కనవడ్తది, ఇటు తిప్పితె ఇది కనవడ్తది. గంతవరకు సరే. గని ఒక పిల్ల చూసుకుంట కొడుతుంటె రెండో పిల్ల ఏం చెయ్యాలె? కండ్లు మూసుకొని కొట్టాల్నా?"

అక్క సంచీలో కాగితం పెడుతున్నదల్లా ఆగిపోయింది. ఆవిడ మొహం మీదికి మెల్లగా ఒక వెలుగు రావడం నేను చూశాను. చాచా జవాబు అడిగి వెళ్ళిన దగ్గర్నుంచి ఆ మొహంలో లేని వెలుగు.

"మరి ఇన్నేళ్ళూ నా పిల్లలు ఏం చేస్తున్నారనుకున్నావు?" అంది.

నిజమే కదా! కోచింగ్ వాళ్ళకు ప్రతి కంప్యూటర్‌కూ ఒక తెర కావాలి, ఎందుకంటే వాళ్ళ పిల్లలు ఒక్కో అక్షరం కొట్టి, తలెత్తి, అది వచ్చిందో లేదో చూసుకుని, మళ్ళీ వంగి ఇంకో అక్షరం వెతుక్కుంటారు. మా పిల్లలు అరగంట కొట్టాకే చూస్తారు. ఇద్దరు పిల్లలకు ఒక తెర చాలు. మిగులుతుంది కూడా. ఇంతసేపూ నేను లోటు అనుకున్నది మా ఇంటి విద్య. సంతోషం పట్టలేక బజార్లోనే అక్క చెయ్యి పట్టుకుని ఊపేశాను. "వదలవే, వేళ్ళు" అంది ఆవిడ. టైపిస్టుకు వేళ్ళే ఆస్తి కదా.

హాల్లో టైపు మిషన్లను గోడ వైపు జరిపి, మధ్యలో రెండు బల్లలు వేశాం. ఆ రెండింటి నడుమ ఎత్తు పీట మీద మానిటర్. మొదటి రోజు ఉత్సాహం కొద్దీ నేను నల్లబల్ల మీద కంప్యూటర్ బొమ్మ గీసి, లోపల ఏమేం ఉంటాయో చెప్పడం మొదలుపెట్టాను. పిల్లలు మర్యాదగా ఆవలించారు. కాసేపు చూసి అక్క స్కేలు చప్పుడు చేసింది. నేను సుద్దముక్క పెట్టేశాను. రెండు కంప్యూటర్లలోనూ తెర చూస్తూ ప్రోగ్రాం సిద్ధం చేసి పెట్టడం నా పని. అక్కడి నుంచి మానిటర్ గోడ వైపు తిరుగుతుంది, గలేబులు దిగుతాయి, క్లాసు అక్కది.

అరగంట అయ్యాక స్విచ్చు తిప్పి చూస్తే మొదటి పిల్లది మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో ఉంది. మొదట్లోనే ఏదో కీ నొక్కింది, చూడలేదు కాబట్టి తెలియదు. అక్క దానికి ఒక్క తిట్టు తిట్టి, "మొదలుపెట్టేముందు ఎడమ చిటికెన వేలు సంగతి చూసుకోవాలి" అని కొత్త సూత్రం అక్కడికక్కడే పుట్టించింది. ఇక తప్పులు దిద్దాలి. ఎర్ర పెన్సిలు అద్దం మీద పని చెయ్యలేదు. అక్క ఊరుకుంటుందా? కాగితాలు తిప్పడానికి పెట్టుకునే తడి స్పాంజీలో వేలు ముంచి, ఎర్ర సిరా బిళ్ళ మీద అద్ది, ఒక్కో తప్పు దగ్గరా తెర మీదే బొట్టు పెట్టింది. తరవాత స్విచ్చు తిప్పింది. రెండో పిల్ల రాసింది వచ్చింది, బొట్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

"మేడమ్, ఆ తప్పులు నావి కావు!" అని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

అందరం పడి పడి నవ్వాం. అక్క కూడా నవ్వింది, చీర కొంగుతో తెర తుడుస్తూ, తుడిచేకొద్దీ అది ఇంకా ఎర్రగా అలుముకుపోతుంటే ఇంకా నవ్వింది.

పిల్లలు రావడం మొదలైంది. ఒకసారి మెట్ల మధ్య నుంచి తిరిగిపోయిన హాస్టల్ పిల్ల ఒకర్తి ఈసారి చివరి మెట్టు దాకా వచ్చి నిలబడింది.

"అక్కడ ఒక్క కంప్యూటర్ ముందు నలుగురిని కూసోబెడ్తున్రు మేడం. ఒకరు కొడితె ముగ్గురం చూడాలె. నేను చేరిన కాడికెల్లి చూస్తనే ఉన్న."

"ఇక్కడ చూడటం ఉండదు" అంది అక్క. "కొట్టడమే. వచ్చి కూర్చో."

దసరా సెలవులు ఇంకా ఇవ్వలేదు, మధ్యాహ్నం బ్యాచి నడుస్తోంది. మెట్ల మీద బూట్ల చప్పుడు. చాచా, ఆయన వెనక కోచింగ్ వాళ్ళు ఇద్దరు, హాలు కొలుచుకోవడానికి టేపుతో సహా. చాచాకు ఇంకా మేము జవాబు చెప్పలేదు. చెప్పాలని రోజూ అనుకోవడం, ఇంకో నాలుగు రోజులు చూద్దామని అక్క ఆపడం. రెండు బల్లల మధ్య అక్క మెట్లకు వీపు పెట్టి నిలబడి ఉంది, మానిటర్ గోడ వైపు తిరిగి ఉంది. ఇద్దరు పిల్లలు గలేబుల్లో చేతులు పెట్టి కాగితాలు చూస్తూ కొడుతున్నారు.

"టీచరమ్మా, గా జవాబ్..." అన్నాడు చాచా గుమ్మంలో నిలబడి.

అక్క వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం పైకెత్తింది.

"క్లాసు జరుగుతోంది చాచా. తరవాత."

చాచా అక్కడే చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. వచ్చినవాళ్ళలో ఒకతను గోడ వైపు తిరిగిన మానిటర్‌ను చూసి, "గిదేంది, తెర చూడకుండ కంప్యూటర్ ఎట్ల నేర్పుతున్రు?" అన్నాడు.

"మెల్లగ మాట్లాడు" అన్నాడు చాచా. "ఈడ మా ఉస్తానీ ఉంది. జాగ ఖాళీ లేదు. నడువుండ్రి."

వాళ్ళిద్దరినీ ముందు పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకునే, చాచా అడుగుల చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయాడు. ఉస్తానీ అంటే వాళ్ళ భాషలో పంతులమ్మ. ఆ మాట అక్క వింది. వీపు చూస్తేనే తెలిసింది నాకు. అయినా గంట కొట్టేదాకా ఆవిడ తిరగలేదు. కొట్టాక తిరిగితే కళ్ళు రెండూ నీళ్ళతో మెరుస్తున్నాయి, పెదాలు నవ్వు ఆపుకుంటున్నాయి. నేను అలాగే చూస్తూ ఉండిపోయాను.

"ఏంటే అలా చూస్తావు? ఆ పిల్ల వైపు మానిటర్ తిప్పు" అంది మా అక్క.